దోమపిల్లకు మేత పెట్టుట ధర్మమా?

కార్తీకమాసపు వానలు వెలిసిన మరునాడు తిరుత్తణి వంటి ఊరిలో ఏ వీధిని చూచినను ఒక దృశ్యము కనబడుచుండును. పురపాలక సంఘము పంపిన మనిషి టార్చిలైటుతో ఇంటి పెరటిలోనికి వచ్చి నీళ్ళ డ్రమ్ముపై వెలుగు వేసి చూచును. నీటి పైభాగమున తలక్రిందులుగా వ్రేలాడుచు, నీడ పడగానే మెలికలు తిరుగుచు అడుగునకు పోవు సన్నని పురుగులు వందలకొలది ఉండును. ఆ మనిషి డ్రమ్మును ఒరగించి నీళ్ళను ఎండిన నేలపై పారబోయును. కొంతసేపటిలో ఆ పురుగులు చచ్చిపోవును. ఇంటి యజమాని జైనుడైనచో అతని చేయి ఒక్క క్షణము ముందుకు వచ్చి ఆగిపోవును. అడ్డుపడవలెనా, ఊరకుండవలెనా? లోపలి గదిలో పిల్లవానికి మూడు దినములనుండి జ్వరము.

ఈ సందేహము క్రొత్తది కాదు. నీళ్ళు వడగట్టి త్రాగువారు, చీకటిపడక ముందే భోజనము ముగించువారు, చాతుర్మాస్యమున ప్రయాణములు తగ్గించుకొనువారు తరతరములుగా దీనిని ఎదుర్కొనుచునే యున్నారు. కాని నేటి విజ్ఞానశాస్త్రము దీనికి మరియొక ముడి వేసినది. జ్వరములను తగ్గించుటకై కొన్ని దేశములలో దోమలను లక్షలకొలది పెంచి ఊళ్ళలో విడుచుచున్నారు. పెంచవలెనన్న వాని పిల్లలకు మేత పెట్టవలెను. ఆ మేత ఏమిటి? ఎక్కడినుండి వచ్చుచున్నది? ఒక ప్రాణిని పెంచుటకు మరియొక ప్రాణి దేహమును పొడిచేసి నీటిలో కలుపుట ధర్మమగునా? తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతపు వర్తక కుటుంబములు దీనిని తమ యింటి ప్రశ్నగానే విచారింపదగును. ఏలయన దోమపిల్లకు మేత పెట్టుచున్నది ప్రయోగశాల ఒక్కటియే కాదు.

ఊరు, నీరు, దోమ

తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. 1960 ఏప్రిల్ 1వ తేదీన అది మద్రాసు రాష్ట్రమున చేరినది. తెలుగు మాటమాత్రము దుకాణములలోను, ఇండ్లలోను నిలిచియే యున్నది. 1997లో తిరువళ్ళూరు ప్రత్యేక జిల్లా అయినది. తిరుత్తణి నేడు ఆ జిల్లాలోనిదే. కొశస్థలి నదిపై 1944లో కట్టిన పూండి జలాశయము ఈ జిల్లాలోనే కలదు. 1996 నుండి కృష్ణాజలము కండలేరు మీదుగా అక్కడికి వచ్చుచున్నది. అయినను ఆ నీరు ముఖ్యముగా చెన్నపట్టణపు దాహము తీర్చుటకే. కొళాయి ప్రతిదినము రాని వీధులలో ప్రతి యింటను డ్రమ్ములు, సిమెంటు తొట్లు, మిద్దెపై ట్యాంకులు తప్పవు. పోదట్టూరుపేట, అమ్మయ్యార్‌కుప్పము వంటి నేతగాండ్ర ఊళ్ళలో మరమగ్గముల శాలల వెనుకను తొట్లు ఉండనే ఉండును.

ఈ నీటిలో ఒక్కొక్క జాతి దోమ ఒక్కొక్క చోటు ఎంచుకొన్నది. మురుగు కాలువలో పుట్టు క్యూలెక్సు బోదకాలు వ్యాధిని మోయును. వరిమడిలో పుట్టు మరియొక క్యూలెక్సు మెదడువాపు జ్వరమును మోయును. ఈ వ్యాధిని భారతదేశమున మొట్టమొదట గుర్తించినది 1955లో, పొరుగుననున్న ఉత్తర ఆర్కాటు జిల్లా వేలూరులోనే. బావులలోను మిద్దె ట్యాంకులలోను పుట్టు అనాఫిలిస్ స్టీఫెన్సై పట్టణములలో మలేరియాను వ్యాపింపజేయును. ఇక కాళ్ళపై తెల్లని పట్టెలు గల ఈడిస్ ఈజిప్టై ఇంటి శుభ్రమైన నీటినే కోరును. డ్రమ్ము, వాడని రుబ్బురోలు, పాత టైరు, కొబ్బరి చిప్ప దానికి చాలును. అది పగటిపూట కుట్టి డెంగ్యూను, చికున్‌గున్యాను తెచ్చిపెట్టును. 2017వ సంవత్సరమున తమిళనాడులో ఇరువదిమూడు వేలమందికి పైగా డెంగ్యూ సోకినట్లు ప్రభుత్వ లెక్కలలో నమోదైనది. అరువదికి పైగా ప్రాణములు పోయినవి. పోయినవారిలో పిల్లలును కలరు. ధర్మవిచారణ చేయువాడు ఈ లెక్కను ప్రక్కన బెట్టి విచారణ చేయుటకు వీలులేదు.

దోమ బాల్యము

ఈడిస్ ఆడదోమ నీటిలో గాక నీటిమట్టమునకు కొంచెము పైన, తడి గోడపై గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు ఎండిపోయినను నెలల తరబడి చావక ఉండగలవు. మరల నీరు ఆ మట్టమునకు రాగానే పిల్లలు బయటికి వచ్చును. ఈ పిల్లనే శాస్త్రజ్ఞులు డింభకమందురు. అది మూడుమార్లు చర్మము విడిచి, నాలుగు దశలు గడచి, వెచ్చని నీటిలో సుమారు ఒక వారమునకు గూటిపురుగు వంటి దశకు వచ్చును. ఆ దశలో రెండు మూడు దినములు ఏమియు తినదు. పిమ్మట రెక్కలతో లేచిపోవును.

తినుటయంతయు ఆ మొదటి వారముననే. దాని నోటివద్ద సన్నని కుచ్చులవంటివి కలవు. వానితో నీటిని తనవైపునకు లాగుకొని అందులోని సూక్ష్మజీవులను, నాచును, కుళ్ళిన ఆకుపొడిని వడగట్టి తినును. రెక్కలు వచ్చిన పిమ్మట దోమ దేహము పెరుగదు. అది పెద్దదగునా, చిన్నదగునా, ఎన్నాళ్ళు బ్రతుకును, ఎంత దూరము ఎగురగలదు అనునవి చాలవరకు బాల్యమున దొరికిన మేతపై ఆధారపడి యుండును. మేత లేని నీటిలో పిల్ల వారములకొలది ఎదుగక ఉండును, లేక చచ్చును. వేపాకు రాలిన తొట్టి, అన్నపు మెతుకు పడిన కుండ, దుమ్ము పేరుకొన్న డ్రమ్ము దానికి విందుభోజనము.

మగదోమ కుట్టదు. పూలలోని తేనెతోను, మొక్కల రసముతోను బ్రతుకును. ఆడదోమ కూడ ఆకలి తీరుటకు తీపి రసమునే త్రాగును, రక్తము గ్రుడ్లకొరకే. అది పగబట్టి కుట్టుట లేదు, తన సంతానముకొరకు కుట్టుచున్నది. శత్రువని దానిపై కోపము తెచ్చుకొనుటకు కారణము లేదు. అయినను దానివలన వచ్చు కీడు కీడే.

పెంపకము ఎందులకు?

దోమలను పెంచుట తెలుగు గడ్డకు తెలియని విషయము కాదు. 1897లో సికిందరాబాదు వద్ద రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు డింభకములను సీసాలలో పెంచి, రెక్కలు వచ్చిన దోమలచేత ఒక మలేరియా రోగిని కుట్టించెను. కుట్టిన దోమ యొక్కింటికి అణా చొప్పున ఆ రోగికి ఇచ్చెను. ఆ యేటి ఆగస్టు 20న ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మలేరియాను మోయునది దోమయని లోకము నమ్ముటకు బాట వేసినది ఆ సీసాలలోని పెంపకమే.

పిమ్మట విషముల కాలము వచ్చినది. 1953లో జాతీయ మలేరియా నివారణ పథకము ప్రారంభమై ఇంటింటి గోడలకు డి.డి.టి. చల్లిరి. 1965 నాటికి దేశమున మలేరియా కేసులు సుమారు ఒక లక్షకు తగ్గినవి. కాని 1976లో అవి అరువదినాలుగు లక్షలు దాటినవి. విషమునకు అలవాటుపడిన దోమలు మిగిలినవి, పనివారిలో శ్రద్ధ సడలినది. విషము చల్లుటలో మరియొక దోషము కలదు. అది దోమనే వెదకి చంపదు. చీమ, తేనెటీగ, చేప, కప్ప వేటికైనను తగులును.

అందువలన శాస్త్రజ్ఞులు వేరొక త్రోవ పట్టిరి. సంతానము లేని మగదోమలను లక్షలకొలది విడిచినచో, వానితో కూడిన ఆడదోమల గ్రుడ్లు పొదగవు, జాతి తగ్గిపోవును. 1970 తరువాతి యేండ్లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలసి ఢిల్లీలో ఈ పనిని ఆరంభించినవి. కాని ఈ దోమల వెనుక విదేశీయుల యుద్ధ పరిశోధన దాగియున్నదను అనుమానము పత్రికలలోను, పార్లమెంటులోను లేచినది. 1975లో ఆ పని మూతపడినది. ప్రజలకు ముందుగా విడమరచి చెప్పక, వారి సమ్మతిని సంపాదింపక చేసిన పని ఎంత మంచిదైనను నిలువదనుటకు అది సాక్ష్యము. ఆ సంవత్సరముననే పుదుచ్చేరిలో కీటక నియంత్రణ పరిశోధన కేంద్రము వెలసినది.

ఆ పుదుచ్చేరి కేంద్రము 2022 జూలైలో ఒక విషయమును ప్రకటించినది. వోల్బాకియా అను సూక్ష్మజీవి ఎన్నో కీటకములలో సహజముగనే ఉండును; ఈడిస్ ఈజిప్టై దోమలో మాత్రము సహజముగా ఉండదు. దానిని ఆ దోమలో ప్రవేశపెట్టినచో డెంగ్యూ క్రిమి దోమ దేహమున బాగుగా పెరుగజాలదు. తల్లినుండి పిల్లకు వోల్బాకియా సంక్రమించుచు పోవును. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయముతో కలసి, పుదుచ్చేరి ప్రాంతపు దోమలలో ఈ సూక్ష్మజీవి గల రెండు వంశములను తయారుచేసితిమని, ప్రభుత్వ అనుమతులు వచ్చిన పిమ్మటనే బయట విడువవలెనని ఆ కేంద్రమువారు తెలిపిరి. ఇండొనీషియాలోని యోగ్యకర్త నగరమున అంతకు పూర్వమే దీనిని పరీక్షించిరి. నగరమును 24 భాగములుగా చేసి 12 భాగములలో వోల్బాకియా దోమలను పెంచి చూచిరి. ఆ భాగములలో డెంగ్యూ నూటికి 77 వంతులు తగ్గినదని, ఆసుపత్రిలో చేర్పవలసిన కేసులు 86 వంతులు తగ్గినవని 2021లో ఫలితములు ప్రకటితమైనవి.

ఈ పద్ధతిలో విషము లేదు. దోమ దోమగానే బ్రతుకును, పిల్లలను కనును. దాని కాటులోని వ్యాధిమాత్రము తగ్గును. వినినంతనే అహింసావాదికి సంతోషము కలుగును. కాని వర్తకుడు జమ వైపు మాత్రమే చూచి చిట్టా మూయడు. ఖర్చు వైపు కూడ చూడవలెను.

మేతలో ఏమున్నది?

పెంపకశాలలో పెద్ద పళ్ళెములు అరలు అరలుగా అమర్చియుండును. ఒక్కొక్క పళ్ళెములో అయిదు లీటర్ల నీరు, అందులో ఈడిస్ పిల్లలు సుమారు 18,000. అటువంటి 50 పళ్ళెములు ఒక చట్రమున పట్టును. అనగా ఒక చట్రమునకు తొమ్మిది లక్షల ప్రాణులు. ప్రతిదినము కొలిచి మేత పోయవలెను. తక్కువైనచో పిల్లలు ఒకేమారు ఎదుగవు. మగదోమలు చిన్నవై, బయటి దోమలతో పోటీపడలేక వృథా అగును. ఎక్కువైనచో మిగిలిన మేత కుళ్ళి నీటిపై తెట్టు కట్టును, పిల్లలు ఊపిరాడక చచ్చును. తల్లి బిడ్డకు పాలు పట్టునపుడు చూపు జాగ్రత్త ఇచ్చట దోమపిల్లకు చూపవలసియున్నది.

ఆస్ట్రియాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు చెందిన ప్రయోగశాల ఒకటి కలదు. అచ్చట వాడిన ప్రసిద్ధమైన మేతలో ట్యూనా చేపపొడి నూటికి 50 పాళ్ళు, గోవు కాలేయపు పొడి 36 పాళ్ళు, మిగిలినది ఈస్టు పొడి. అనేక ప్రయోగశాలలలో కుక్కలకు వేయు బిస్కెట్ల పొడిని ఈస్టుతో కలిపి పోయుదురు. ఆ బిస్కెట్లలోను సాధారణముగా మాంసము ఉండును. యోగ్యకర్తలో ఇంటి పెరళ్ళలో ఉంచిన చిన్న బక్కెట్లలో దోమ గ్రుడ్లతోపాటు పెంపుడు చేపలకు వేయు మేతను వేసిరి. ఆడదోమలు గ్రుడ్లు పెట్టుటకు రక్తమును పలుచని పొర ద్వారా అందించుట పెంపకశాలలలో పరిపాటి. ఈ లెక్కను దాచి ఈ పద్ధతిని మెచ్చుకొనుట సరియైన లెక్క కాదు.

ధాన్యపు పిండి పోయరాదా అని ఎవరైనను అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. శనగ, మొక్కజొన్న, గోధుమ, బియ్యము, చిక్కుడు గింజల పిండ్లతో స్టీఫెన్సై దోమలను చౌకగా పెంచవచ్చునని 2013లో ఒక పరిశోధనము వెలువడినది. కాని అందులోను కొంత కాలేయపు పొడి చేరియున్నది. దీనికి కారణము లేకపోలేదు. దోమపిల్లకు అరాకిడోనిక్ ఆమ్లము వంటి కొన్ని క్రొవ్వు పదార్థములు అత్యవసరమని 1979లోనే క్యూలెక్సు దోమపై చేసిన పరిశోధనలో తేలినది. అవి లేక పెరిగిన దోమ రెక్కలు వచ్చినను ఎగురజాలదు. ఆ పదార్థము మాంసములోను చేపలోను ఉన్నది. శనగపిండిలోను తవుడులోను లేదు.

అయితే త్రోవ మూసికొనిపోలేదు. చెరువులోని దోమపిల్ల మాంసము తినుట లేదు గదా! నాచు, సూక్ష్మజీవులు దానికి ఆ క్రొవ్వును సమకూర్చుచున్నవి. పసిపిల్లల పాలపొడిలో కలుపుటకు ఈ అరాకిడోనిక్ ఆమ్లమును ఒక జాతి బూజునుండి కర్మాగారములలో తీయుచున్నారు. కనుక నాచు, బూజు, ఈస్టు, ధాన్యము కలిపి మాంసము లేని మేతను కూర్చవచ్చునని ఆశించుటకు ఆధారము కలదు. నల్లసైనికుడను ఒక జాతి ఈగ పిల్లలను ఎండబెట్టి దంచిన పొడిని కాలేయమునకు బదులు వాడవచ్చునని ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు చూపిరి. జైన దృష్టికి ఇది మరియొక చిక్కు. ఒక గోవుకు బదులు లెక్కలేని ఈగపిల్లలు. గోవు పంచేంద్రియ జీవి. ఈగ, దోమ చతురింద్రియ జీవులు. ఇంద్రియములు తక్కువయని సంఖ్యను మరువవచ్చునా? తూచువాడు రెండును తూచవలెను.

తరాజు రెండు తప్పులు

ఇచ్చట తూకము రెండు విధములుగా తప్పును.

మొదటిది: "పది లక్షల దోమపిల్లలకు కొద్ది కిలోల మేత చాలును. అందులో కాలేయము ఎంత? ఎట్లును కబేళాలో మిగులునదే గదా!" అనువారి తప్పు. వర్తకునికి ఈ మాట చెల్లదు. మిగులు సరుకునకు ధర పలికినచో అసలు సరుకునకు లాభము పెరుగునని అంగడిలో కూర్చున్న వానికి ఎవరును చెప్పనక్కరలేదు. తవుడు కొనువాడు బియ్యపు మిల్లును నిలబెట్టుచున్నాడు. కాలేయపు పొడి కొనువాడు దేనిని నిలబెట్టుచున్నాడో అతడే ఆలోచించుకొనవలెను.

రెండవది: "ఇందులో మాంసమున్నది, కనుక ఈ పనియే పాపము, దానితో శ్రావకునికి సంబంధము లేదు" అని తలుపు మూసికొనువారి తప్పు. ఆ తలుపు వెనుక ఉన్న డ్రమ్ములో దోమలు పుట్టుచుండును. అవి ప్రక్కయింటి బిడ్డను కుట్టును. ఆ తరువాత విషము చల్లు మనిషి వచ్చును. తలుపు మూసికొన్నవాడు హింసకు దూరమైతినని అనుకొనును. తన వాటా హింసను పరుల చేత చేయించినాడు, అంతే.

గృహస్థునికి హింస నాలుగు విధములని పెద్దలు చెప్పిరి. చంపవలెనను తలంపుతో చేయునది సంకల్ప హింస. వంట, శుభ్రము మొదలగు ఇంటిపనులలో జరుగునది ఆరంభ హింస. వృత్తిలో జరుగునది ఉద్యోగ హింస. ఆత్మరక్షణలో తప్పనిది విరోధ హింస. మొదటిదానిని గృహస్థు పూర్తిగా విడువవలెను. మిగిలినవానిని జాగ్రత్తతో తగ్గించుకొనవలెను. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము హింసను నిర్వచించుచు ప్రాణము పోవుటను మాత్రమే చెప్పి ఊరకొనలేదు. ప్రమాదమును, అనగా ఏమరుపాటును, దాని మూలముగా పేర్కొన్నది. దోమల విషయమున ఈ విచారణకు తాళపుచెవి ఈ ఏమరుపాటే.

బిడ్డ ప్రాణము కాపాడుటకు వేరు దారి లేక జరిగిన హింస ఒకటి. వేరు దారి కలదా అని అడుగకయే జరిగిన హింస మరియొకటి. కాలేయపు పొడిని వాడిన శాస్త్రజ్ఞుని తలంపు దయతో కూడినదే కావచ్చును. కాని నాచుతోను ధాన్యముతోను పని జరుగునని తేలిన నాడు కూడ పాత అలవాటున దానినే వాడినచో అది ఏమరుపాటగును. అట్లే దోమను పెంచు శాలను నిందించుచు తన పెరటి తొట్టికి మూత వేయని గృహస్థుది అంతకు మించిన ఏమరుపాటు. శాలలో లెక్క కలదు, ప్రయోజనము కలదు. తొట్టిలో ఏదియు లేదు. రాలిన ఆకు, పడిన మెతుకు మేతగా పెట్టి, ఎవరికిని అక్కరలేని ప్రాణులను వందలకొలది పెంచి, తుదకు వానిని నేలపై ఎండబెట్టి చంపుట! పుట్టించినవాడును అతడే, చంపించినవాడును అతడే, పొరుగువానికి జ్వరము పంచినవాడును అతడే.

కొన్ని చిక్కు ప్రశ్నలు

నీళ్ళు వడగట్టిన పిమ్మట గుడ్డపై నిలిచిన జీవములను అదే జలాశయమునకు మెల్లగా చేర్చుట పాత ఆచారము. ఎంత కరుణతో కూడిన ఆచారమో! కాని బావిలో పుట్టిన స్టీఫెన్సై పిల్లలను మరల బావిలోనే విడిచినచో అవి మలేరియా మోయు దోమలై లేచును. అందుకని ఆచారమును విడువనక్కరలేదు. ఆచారమునకు ముందు చేయవలసిన పని ఒకటి మిగిలియున్నది. బావికి సన్నని వల కప్పినచో దోమ లోపలికి పోదు, గ్రుడ్డు పెట్టదు. వడపోతగుడ్డపై దోమపిల్ల కనబడుటయే అరుదగును.

బావిలో గాంబూజియా చేపలను వేయవచ్చునా అనునది మరియొక ప్రశ్న. డింభకములను తిను ఈ చేపను 1928లో ఇటలీనుండి ఈ దేశమునకు తెచ్చిరి. చేప తినుట చేప స్వభావము. కాని తినుటకే దానిని తెచ్చి వేసినవాని తలంపు మాటయేమి? ఆ భారము చేపపైకి నెట్టుటకు వీలుకాదు. మూతతో జరుగు పనిని చేపతో చేయించుట ఎందులకు?

మరియొకటి. యోగ్యకర్తలో వలెనే ఒకనాడు తిరువళ్ళూరు వీధిలో ఒక పనివాడు బక్కెట్టు తెచ్చి, "అయ్యా, మీ పెరటిలో రెండు వారములు ఉంచుకొనుడు. ఇందులోని దోమలకు డెంగ్యూ అంటదు" అని అడిగెననుకొందుము. ఇంటి పెద్ద ఏమి చెప్పవలెను? వెంటనే కాదనుటయు సులభమే, వెంటనే సరేయనుటయు సులభమే. ధర్మమెరిగినవాడు మొదట అడుగును: ఈ మేతలో ఏమున్నది? మాంసము లేని మేత కలదా? లేనిచో దానికై ఎవరైనను ప్రయత్నించుచున్నారా? ఆ ప్రశ్న ఒక్క యింటనుండి పోయినచో పనివాడు నవ్వి పోవును. వంద యిండ్లనుండి పోయినచో అధికారి చెవిని బడును. జైన సంఘములనుండి కొంత ద్రవ్యముతో కూడ పోయినచో శాస్త్రజ్ఞుని బల్లపైకి చేరును. పాంజరాపోళ్ళు కట్టి ముసలి పశువులను పోషించిన సంఘమునకు, నాచుతో దోమమేత చేయు పరిశోధనకు తోడ్పడుట శక్తికి మించిన పని కాదు.

వర్తకునికి ఇంకొక పరీక్ష కలదు. పెంపకశాల ఏదైనను దగ్గరలో వెలసి, తవుడు, శనగపిండి, ఈస్టు సరఫరా చేయుమని బేరమునకు వచ్చి, దానితోపాటు కాలేయపు పొడి, చేపపొడి కూడ అడిగినచో? విడువదగిన వృత్తులను శ్రావకునికి పెద్దలు పదునైదుగా లెక్కించి చెప్పిరి. మొదటి మూడును సరఫరా చేయవచ్చును, తుది రెండింటికి లేదని చెప్పవచ్చును. "నీవు కాకున్న మరియొకడు" అనుమాట నిజమే. కాని తన ఆవర్జాలో ఏ పద్దు వ్రాయబడునో దానికి తానే పూచీ. పక్కయంగడి పద్దుకు కాదు. అంతతో ఆగక, ఆ రెండింటికి బదులు సరుకును వెదకి తెచ్చి చూపగలిగినచో అతని వ్యాపారమే అహింసకు సేవ యగును.

మూత

ఇన్ని చిక్కులలోను చిక్కు లేని మాట ఒకటి మిగిలినది. చంపుటకన్న పుట్టనీయకుండుట మేలు. ఆడదోమకు నీరు కనబడనీయకున్నచో అది అక్కడ గ్రుడ్డు పెట్టదు; పెట్టని గ్రుడ్డునకు మేత అక్కరలేదు, విషము అక్కరలేదు, ప్రాయశ్చిత్తమును అక్కరలేదు. డ్రమ్మునకు బిగువైన మూత, మూత లేనిచోట రెండు మడతల గుడ్డ కట్టుట, వాడని రోలు బోర్లించుట, పాత టైర్లు వానకు వదలకుండుట, మిద్దె ట్యాంకు గొట్టమునకు వల కట్టుట, వారమునకొకమారు తొట్టి లోపలి గోడలు తోమి ఆరబెట్టుట. చివరిదానిలో గోడనంటిన గ్రుడ్లు నశించును. అందుచేత మొదటి పనులు సరిగా చేసినచో చివరి దాని అవసరము తగ్గును. పుదుచ్చేరిలో 1981 నుండి 1985 వరకు బోదకాలు నివారణకై జరిగిన ప్రయత్నమున కూడ విషముకన్న నీరు నిలువనీయకుండుటకే ఎక్కువ ప్రాముఖ్యము ఇచ్చిరి.

మూత వేయుటతో డెంగ్యూ సమస్తము పోవునని కాదు. ఒక్క యింటి మూత వీధిని కాపాడదు. ఊరంతయు ఏకము కాని చోట వోల్బాకియా వంటి ప్రయత్నములు కావలసివచ్చును. వానిని కళ్ళు మూసికొని ఖండింపక, కళ్ళు మూసికొని మెచ్చుకొనక, మేతవరకు అడిగి తెలిసికొని తోడ్పడుట వివేకము. సాధనము శుద్ధమా కాదా అని చూచువాడు దాని మేత గిన్నెలోనికి కూడ తొంగిచూడవలెను.

మొదట చెప్పిన ఆ ఇంటి యజమాని ఏమి చేయవలెను? ఆనాడు పారబోయుటకు అతడు అడ్డుపడరాదు. లోపల జ్వరముతో ఉన్న బిడ్డయు, వీధిలోని బిడ్డలును అతని బాధ్యతయే. కాని ఆ మనిషి వెడలిపోయిన పిమ్మట తడి నేలపై చచ్చుచున్న ఆ ప్రాణులను చూచి, వీనిని పెంచినది తన తొట్టియేనని ఒప్పుకొనవలెను. సంవత్సరాంత క్షమాపణ దినమున సకల జీవులను క్షమింపుమని వేడునపుడు వీనిని కూడ తలచుకొనవలెను. ఆ సాయంకాలమే బజారునకు పోయి డ్రమ్మునకు సరిపోవు మూత కొనితేవలెను. మూత లేని క్షమాపణ వచ్చే కార్తీకమాసమున మరల అదే నేలపై పారబోయబడును.